రెండో లాక్టేట్ రిపోర్టు

తిరుపతిలో ఒక ఆసుపత్రి ఐసీయూలో నేను జూనియర్ డాక్టరుగా ఉన్న రోజుల్లో లాక్టేట్ పరీక్ష మాకు కొత్త. ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకిన రోగిలో ఆ అంకె ఎంత పెరిగితే ప్రాణానికి అంత ముప్పు. ఆ సంగతి చదివినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ల్యాబు నుంచి కాగితం వచ్చేదాకా కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ని. రాగానే ఎవరికో ఒకరికి చెప్పెయ్యాలి. అదొక గర్వం, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఒకరోజు తెల్లవారుతూనే బంగారుపాళ్యం నుంచి ఒక మామిడి రైతును తెచ్చారు. తోటలో కాలికి ముల్లు దిగి, చీము పట్టి, జ్వరంతో తెలివి తప్పింది. సెలైన్లు, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. రెండు లోపు ఉండాల్సిన లాక్టేట్ ఎనిమిది ఉంది. పది గంటలకు రెండో శాంపిల్ నేనే తీసి పంపాను. మొదటి అంకె కంటే, అది తగ్గుతోందా లేదా అన్నదే ముఖ్యమని నాకు తెలుసు. తెలిసీ ఆగలేకపోయాను.

కొడుకు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"బయట పోతే మా నాయన్ను ఇంట్లోకి రానీరు సార్. వీధిలోనే పండబెట్టాల. ఉండేదీ లేందీ ఇప్పుడే చెప్పండి. ఊపిరుండంగానే ఎత్తుకపోతాము."

ఆ కట్టుబాటు మా ఊళ్లోనూ ఉంది. లాక్టేట్ ఎనిమిదికి చేరినవాళ్లు దక్కడం కష్టమని చెప్పేశాను. పెద్ద డాక్టరును అడగనైనా లేదు. వాళ్లు సంతకం పెట్టి, పదకొండుకల్లా వ్యానులో తీసుకెళ్లిపోయారు.

పన్నెండింటికి రెండో రిపోర్టు వచ్చింది. నాలుగు.

కిందికి పరిగెత్తాను. వ్యాను ఎప్పుడో వెళ్లిపోయింది. కేసు షీట్లో ఉన్నది వాళ్ల పక్కింటి ఫోను. వార్డుకీ ఫోనుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. రెండున్నరకు కొడుకు దొరికాడు.

"ఇప్పుడే దించినాము సార్. నాయన కండ్లు తెరిసి నీళ్లడిగినాడు."

వెంటనే వెనక్కి తీసుకురమ్మన్నాను. అంకె సగానికి తగ్గిందనీ, మందు పనిచేస్తోందనీ గబగబా చెప్పాను. అంతా విని అతను ఒక్కటే అడిగాడు.

"దోవలో ఏం కాదని చెప్తారా సార్?"

పొద్దున అంత ధీమాగా చెప్పినవాణ్ని, ఇప్పుడు చెప్పలేకపోయాను. ఎట్లాగైనా తీసుకురమ్మని బతిమాలాను. ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతానని ఫోను పెట్టేశాడు.

వాళ్లు తీసుకురాలేదు. ఆయన అందరినీ గుర్తుపడుతూ, పేరుపేరునా పలకరిస్తూ, ఆ ఇంట్లో నాలుగు రోజులు బతికాడట.