కొమ్మ కట్టకుండా దిగిన మామయ్య

నా చిన్నప్పుడు మా మామయ్య గురజాలలో డ్రిల్లు మాస్టారుగా పనిచేసేవాడు. అమ్మకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు. వేసవి సెలవులు ఇవ్వగానే సైకిల్ వెనక దుప్పటి, మరచెంబు కట్టుకుని మాచర్ల మీదుగా నల్లమల కొండల్లోకి వెళ్ళిపోయేవాడు. తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోగా ఏదో ఒక నీడ చూసుకుని, చల్లబడ్డాక మళ్ళీ తొక్కి, పొద్దుగూకితే దారిలో ఉన్న ఊరి బడి వరండాలో నడుం వాల్చడం ఆయన పద్ధతి. మా బంధువుల్లో ఆయన పేరెత్తితే ఇప్పటికీ ఒకే మాట వినబడుతుంది. ఘాటు రోడ్డులో ఒళ్ళు తెలియకుండా సైకిల్ తోలి కాలు విరగ్గొట్టుకున్నాడని. ఆ మాట నిజం కాదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆయన కాలు విరిగిన ఏడు అమ్మను బతిమాలి నేనూ ఇంకో సైకిల్ మీద ఆయన వెంట వెళ్ళాను. కొండదారికి ఆయన పెట్టుకున్న నియమాలు రెండు. దిగేటప్పుడు రాలిపడిన పెద్ద కొమ్మనొకదాన్ని తాడుతో సైకిల్ వెనక క్యారియర్‌కి కట్టాలి. అది రోడ్డు మీద గరగరమని ఈడ్చుకుంటూ వస్తుంటే సైకిల్ దూకదు. వట్టి బ్రేకుల్ని నమ్ముకుంటే రబ్బర్లు అరిగిపోతాయి. ఎక్కేటప్పుడు మాత్రం ఒకరి కోసం ఒకరు ఆగకూడదు. "ఎవరి దమ్ము వాళ్ళదే అల్లుడూ. ఆగితే ఇద్దరి కాళ్ళూ పట్టేస్తయ్," అనేవాడు. ముందు వెళ్ళి ప్రతి మలుపు దగ్గరా బెల్లు కొట్టేవాడు. కింద నుంచి నేను కొట్టాలి. అది వింటేనే ఆయన మళ్ళీ కదిలేవాడు.

దోర్నాల దాటాక, ఘాటు మొదట్లో ఒక టీకొట్టు దగ్గర ఆగాం. "ఏంది మాస్టారూ, ఈ పిలగాడు గూడా ఎక్కుతాడా?" అన్నాడు కొట్టాయన. "ఎక్కకేం? వాళ్ళమ్మ పెట్టిన నెయ్యి కరిగిందాకా ఎక్కుతాడు," అన్నాడు మామయ్య. బల్ల మీద కూర్చున్న లారీవాళ్ళు చానాసేపు నవ్వారు. ఆయన ముద్దుగానే అన్నాడు. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి.

ఎక్కడం మొదలుపెట్టాక ఆయన కాసేపటికే కనుమరుగయ్యాడు. సైకిల్ నెట్టుకుంటూ నేను, అటూ ఇటూ ఆకులు రాల్చిన చెట్లు, కీచురాళ్ళ రొద. పలకరించడానికి మనిషి లేడు. పై నుంచి బెల్లు వినబడేది, నేను కొట్టేవాణ్ణి, మళ్ళీ ఏమీ ఉండేది కాదు. అలా ఎక్కేకొద్దీ నాలో ఉక్రోషం పెరిగింది. రోడ్డు పక్కన పళ్ళతో ఉన్న తునికిచెట్టు కనబడితే, సైకిల్‌ని పొదల్లో పడేసి దాని మాను చాటున కూర్చున్నాను. పైన బెల్లు మోగింది. నేను కొట్టలేదు. మళ్ళీ మోగింది. కావాలంటే ఆయనే వస్తాడులే అనుకుని పండు చీకుతూ కూర్చున్నాను.

ఆ తరవాత బెల్లు ఆగకుండా మోగుతూ దగ్గరైంది. మామయ్య గాలిలా కిందికి దూసుకుపోయాడు. వెనక కొమ్మ లేదు. వెతికి కట్టుకునేంత సేపు ఆయన ఆగలేదు. "అల్లుడూ" అని అరుస్తూనే వెళ్ళాడు. నేను పలకలేదు సరికదా, బాగా అయిందని నవ్వుకున్నాను. కింది మలుపులో ఇనుము రాతిని గుద్దిన చప్పుడైంది.

పరుగెత్తుకు వెళ్ళేసరికి పిట్టగోడ పక్కన, సైకిల్ కింద కాలు ఇరుక్కుని పడి ఉన్నాడు. నా వంక పైనుంచి కిందిదాకా చూశాడు. "ఉన్నావా," అన్నాడు. నేను ఆయన మీది సైకిల్ ఎత్తబోయాను. "ఉన్నావు గదా. సాల్లే," అని కళ్ళు మూసుకున్నాడు. ఎక్కడున్నావని గానీ, ఎందుకు పలకలేదని గానీ ఆ రోజూ అడగలేదు, ఆ తరవాతా అడగలేదు.

లారీవాళ్ళెవరో మమ్మల్ని ఆసుపత్రికి చేర్చారు. మర్నాడు నాన్న వచ్చి వార్డంతా వినబడేట్టు అరిచాడు. "పసోణ్ణి అడివిలో ఒదిలేసి జారుడుబండ ఆడుకుంటున్నావా? కొమ్మ కట్టుకోండిరా అని ఊరందరికీ చెప్పేటోడివి, నీ కొమ్మ ఏమైంది?" మంచం పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న చేతి దెబ్బకు భయపడి నోరు విప్పలేదు. "బుద్ధి గడ్డి తింది బావా," అన్నాడు మామయ్య.

ఆ మాటే ఇంట్లో స్థిరపడిపోయింది. కాలు కొంచెం వంకరగా అతికింది. అయినా ప్రతి వేసవీ మా గుమ్మంలోకి వచ్చి, "అల్లుణ్ణి పంపుతావా అక్కా?" అని అడిగేవాడు. "ఎండలు మండిపోతున్నయ్, ఒద్దులేరా," అనేది అమ్మ. ఆయన చెల్లెళ్ళు కూడా తమ పిల్లల్ని పంపలేదు. ఒక్కడే వెళ్ళేవాడు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి స్నేహితులతో బస్సులో శ్రీశైలం వెళుతుంటే, ఒక కల్వర్టు మీద ఒంటరిగా కూర్చుని రొట్టె తింటూ కనబడ్డాడు. బస్సు ఆపమని నేను అడగలేదు.

నిరుడు పోయాడు. పెద్దకర్మ నాడు బంతిలో కూర్చుని మావాళ్ళు ఆ కథే చెప్పుకుని నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచి జరిగిందంతా చెప్పాను. అప్పుడు మా పెద్దబాబాయి, "పోయినోడి మీద ప్రేమకొద్దీ చెబుతున్నావులేరా. అప్పుడు నువ్వెంత, నీకేం గుర్తు? కూర్చో, కూర్చో," అని నా విస్తట్లో ఇంకో గారె వేయించాడు. చెప్పాల్సిన వయసులో నేను చెప్పలేదు. చెప్పిన వయసులో ఎవరూ నమ్మలేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

ఇన్నేళ్ళలో పెళ్ళిళ్ళలో, పండగల్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చినా మామయ్య ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. చూస్తే నేను తలదించుకుంటానని, దించుకుంటే ఎవరో ఒకరు ఎందుకని అడుగుతారని ఆయనకు తెలుసు. నలుగురితో పాటు తనూ నవ్వేసి, గోడకేసో వీధికేసో చూసేవాడు. ఇప్పుడు మా ఇంట్లో పిల్లల తప్పు ఏదైనా నాకు ముందే తెలిసి, దాని మీద పదిమందిలో మాట వచ్చినప్పుడు, నేనూ తల పక్కకు తిప్పుకుంటాను. వాళ్ళు ఊపిరి పీల్చుకోవడం వినబడుతుంది. ఆయనకు కూడా నా ఊపిరి వినబడే ఉంటుంది.