డెబ్బై ఎనిమిది రోజుల జీతం

మా చిన్నప్పుడు... దసరా మా పండగ కాదు గానీ, దసరా బోనస్ మాత్రం మాదే!

బోధన్‌లో చర్చి వెనక గల్లీ మాది. బాపు సికింద్రాబాద్ దగ్గర రైల్వే వర్క్‌షాపులో హెల్పర్. శనివారం రైలెక్కి నిజామాబాద్‌లో దిగి, బస్సు పట్టుకుని ఇంటికి వచ్చేవాడు. ఏళ్ల తరబడి క్యాజువల్‌గా చేసి చేసి, నేను నాలుగో తరగతిలో ఉండగా పర్మినెంట్ అయ్యాడు. ఆ మరుసటి దసరాకు ఆయన మొదటి బోనస్...

ఆ సాయంత్రం అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. టీవీలో చెప్పారు... రైల్వే ఉద్యోగులకు డెబ్బై ఎనిమిది రోజుల జీతం బోనస్ అని. అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఎస్తేరూ, నోటుబుక్కు తే బిడ్డా. బాపు నెల జీతాన్ని ముప్పై రోజులకు పంచు. దాన్ని డెబ్బై ఎనిమిదితోని గుణించు," అంది అక్కతో.

అక్క రెండుసార్లు చేసింది. రెండుసార్లూ అంతే వచ్చింది. ముగ్గురం ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాం... అంత డబ్బు మా ఇంట్లోకి ఎన్నడూ రాలేదు.

అక్క ఆ ఏడే ఇంటర్ పాసయ్యింది. నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ స్కూల్లో సీటుందని చర్చి పాస్టరమ్మగారు చెప్పి ఉన్నారు. సగం ఫీజు ముందు కట్టాలి, మిగతా సగం దసరా సెలవులు అయ్యేలోపు. కట్టకపోతే సీటూ పోతుంది, కట్టిందీ పోతుంది. అమ్మ మర్నాడే చెవి కమ్మలు అమ్మేసి సగం కట్టి వచ్చింది. ఎందుకు భయం... బోనస్ వస్తోంది కదా!

శనివారం బాపు వచ్చాడు. అమ్మ సంతోషంగా అంతా చెప్పింది. బాపు కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చుని, "మంచి పని చేసినవ్," అన్నాడు. అంతకు మించి మాట్లాడలేదు. అలిసిపోయాడనుకున్నాం.

పై వారం బోనస్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అక్క వేసిన లెక్కలో మూడో వంతు కూడా లేదు. మిగతా సగం ఫీజుకు అది చాలదు.

"గింతేనా?" అంది అమ్మ.

"గింతే. డెబ్బై ఎనిమిది రోజులు నిజమే గని, మన జీతం మీద కాదట. ఎంత జీతమున్నా సర్కారు పెట్టిన హద్దు వరకే లెక్క. షెడ్డుల పెద్దాయన పోయినవారమే చెప్పిండు."

"మరి నాకు చెప్పకపోతివి?"

"నీ చెవులు సూసినంక నోరు రాలే..."

అమ్మ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

అప్పు కోసం బాపు తిరగని ఇల్లు లేదు. కానీ ఆ వార్త మా ఒక్క ఇంట్లోనే చూశామా! ఎవరి గుమ్మం తొక్కినా అదే మాట... "రైల్వేల ఉన్నోనివి, డెబ్బై ఎనిమిది దినాల పైసలొచ్చినయట. నువ్వే మాకియ్యాలె." బాపు హద్దు సంగతి చెప్తే నవ్వేవారు. మోస్రాలో మా మేనమామ నవ్వలేదు కూడా. "పైసలు దాసుకొని అడుగుతున్నవా బావా?" అన్నాడు. బాపు మళ్లీ ఆ ఊరు పోలేదు.

గడువు రోజు వచ్చింది, పోయింది. అక్క ఏడవలేదు. ఇంకో చాట తీసుకుని అమ్మకు ఎదురుగా కూర్చుంది... బీడీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

ఆ బోనస్‌లో నాకు కొత్త చెప్పులు వచ్చాయి. నేను గల్లీ అంతా తిరిగి చూపించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బాపు పోయి మూడేళ్లు. అక్క ఇంకా బీడీలే చేస్తోంది. తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది, తగ్గడం లేదు. పోయిన నెల నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చేర్పించాను. నర్సు వచ్చి కాగితం మీద వివరాలు రాసుకుంటోంది.

"ఏం పని చేస్తవమ్మా?"

"బీడీలు చేస్త," అంది అక్క.

"ఎన్నేండ్ల సంది?"

"ఇంటర్ అయిపోయినప్పటి సంది."

నర్సు తలెత్తింది. "ఇంటర్ చదివినవా? ఏం గ్రూపు?"

"బైపీసీ. ఫస్ట్ క్లాసు."

నర్సుది అక్క వయసే ఉంటుంది. కాగితం పక్కన పెట్టి సూదిమందు సిద్ధం చేసింది. అక్క తనే చీర కొంగు పక్కకు జరిపి, సూది కోసం చెయ్యి చాపింది... నేను బయటికి వచ్చేశాను.

ఇప్పుడు బోనస్ ప్రకటన వస్తే చాలు, చేతికి ఎంత వస్తుందో ఫోన్‌లోనే తెలిసిపోతుంది. ఎవరూ మోసపోరు. మంచిదే... కానీ మా అక్కకు పద్దెనిమిదేళ్ల వయసు మళ్లీ రాదు.

మీ ఇంట్లోనూ ఇలా క్లాసు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన అక్క ఎవరైనా ఉంటే, ఆమె పేరు కింద రాయండి. ఏ హాజరు పట్టీలోనూ ఎక్కని పేరు... ఇక్కడైనా ఎవరో ఒకరు చదువుతారు.