ఎడమవైపు లేని లోపం

తొమ్మిదేళ్లుగా ఒక అమ్మాయి నన్ను పొగుడుతోంది. నలుగురిలో పొగుడుతుంది. చేతికి మైకు దొరికితే ఇంకాస్త పొగుడుతుంది. నేను మోస్తున్న బరువు ఆ పొగడ్తే. తిట్టి ఉంటే ఎప్పుడో దించుకునేదాన్ని. ఇరవై ఏళ్లు ఐస్ హాకీ కోచ్‌గా ఉన్నాను, రిఫరీల చేత చీవాట్లు తినని వారం లేదు, తిట్లు నాకు ఒంటికి పట్టవు. పొగడ్తను ఎలా దించుకోవాలో మాత్రం నాకు తెలియలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు అడగకండి. మెల్‌బోర్న్ తెలుగువాళ్లలో ఐస్ హాకీ నేర్పే ఆడమనిషి ఎవరని వాకబు చేస్తే సాయంత్రానికల్లా దొరికిపోతాను, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా పేరు రాయకపోతే కాస్త ధైర్యంగా ఉంది.

ముందు మీ అనుమానం తీర్చేస్తాను. విశాఖపట్నం మనిషికి మంచు మీద ఏం పని? చిన్నప్పుడు మా నాన్న నన్ను బీచ్ దగ్గరి స్కేటింగ్ రింకులో వదిలేసి, తను బఠాణీలు తింటూ గట్టు మీద కూర్చునేవారు. చక్రాల బూట్లతో మొదలుపెట్టి, ఆ బూట్లతోనే హాకీ ఆడి, రాష్ట్ర జట్టుదాకా వెళ్లాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాను. పెళ్లి నిలవలేదు, స్కేటింగ్ నిలిచింది. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికిన ఏడాదే, అమ్మాయిల ఐస్ హాకీ జట్టుకు కోచ్ కావాలని నోటీసు బోర్డు మీద కాగితం చూశాను. చక్రాలకు బదులు బ్లేడు, అంతే కదా అనుకున్నాను. మొదటిరోజు పదకొండుసార్లు పడ్డాను. పిల్లలు లెక్కపెట్టి మరీ చెప్పారు. రెండోవారం స్టిక్ పట్టుకుని వాళ్ల మధ్యనుంచి పక్, అంటే ఈ ఆటలో బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, తీసుకుపోయాక నవ్వడం మానేశారు. ఈ దేశంలో ఈ ఆటకు కోచ్‌గా ఉండడం ఉద్యోగం కాదు, ఒక రకం పిచ్చి. పగలంతా రింకు పుట్టినరోజు పార్టీలకు పోతుంది కాబట్టి, యూనివర్సిటీ ఆడపిల్లలకు ఉదయం అయిదున్నరకు మంచు ఇస్తారు. ఇరవై ఏళ్లు ఆ వేళకు లేచాను. ఏనాడూ విసుగనిపించలేదు.

ఇక వసుంధర వదిన. నాకు చుట్టం కాదు. రాజమండ్రి ఆవిడ, ఇక్కడ డాక్టరు. నేను ఒంటరిదాన్నయ్యాక ఓ ఆదివారం భోజనానికి పిలిచారు, పై ఆదివారం పిలవకుండానే వెళ్లాను, ఆ తరువాత ఎవరూ లెక్క చూసుకోలేదు. ఆ ఇంట్లో నాకంటూ ఒక కంచం ఉండేది. వాళ్ల ఏకైక కూతురు మేఘన మా యూనివర్సిటీలో చేరి, నా జట్టులో చేరింది. కూతురి వెనకాలే వదిన మా జట్టుకు మేనేజరయ్యారు. నీళ్ల సీసాలు, బ్యాండేజీలు, ప్రయాణాలు అన్నీ ఆవిడే చూసేవారు. మ్యాచ్‌కు ముందు గ్రీకు పిల్ల, వియత్నాం పిల్ల కూడా "పులిహోర తెచ్చారా ఆంటీ" అని ఆవిడ సంచిలోకి తొంగి చూసేవారు.

మేఘన ఆట గురించి ఏం చెప్పను? రింకు పక్కన నిలబడి అరవడం నా స్వభావం. ఆ పిల్ల దిగితే అరవడం మరచిపోయేదాన్ని. చదువు ఆఖరి సంవత్సరంలో, అడిలైడ్‌లో జరిగే యూనివర్సిటీల పోటీకి మా జట్టు మొదటిసారి అర్హత సాధించింది. పదిహేనుమంది పేర్లు నేను రాయాలి. మొదట మేఘన పేరు రాశాను. రాయడానికి ఆలోచన కూడా అక్కర్లేకపోయింది.

సరిగ్గా అప్పుడే నగరం శివార్లలోని క్లైడ్ నార్త్‌లో వదిన వాళ్ల ఇల్లు పూర్తయింది. రెండేళ్లుగా కడుతూనే ఉన్న ఇల్లు. అద్దె ఇంటి గడువు ముగిసిపోతోంది. పంతులుగారు పంచాంగం తిరగేసి శనివారం ఉదయం ముహూర్తం చెప్పారు. అది దాటితే మూఢం, నెలల తరబడి ముహూర్తాలు లేవు. ఆ శనివారమే అడిలైడ్‌లో మా మ్యాచ్‌లు. ఇంటి ఆడపిల్లే పాలు పొంగించాలని వదిన. పాలు ఎవరు పొంగించినా పొంగుతాయని మేఘన. ఆ ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు.

ముహూర్తానికి ముందు వారం, గురువారం, వదిన గోంగూర పచ్చడి సీసాతో మా ఇంటికి వచ్చారు. పచ్చడి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా అన్నారు: "చూడమ్మా, నేను వద్దంటే జీవితాంతం నన్ను అంటుంది. సెలెక్ట్ కాలేదని నువ్వొక్క మాట చెప్తే నోరెత్తదు. నీ మాటంటే దానికి వేదం." ఆలోచిస్తానన్నాను. అది కూడా అబద్ధమే. ఆవిడ కారు మలుపు తిరిగేలోపే ఒప్పుకున్నానని నాకు తెలుసు.

ఎందుకు ఒప్పుకున్నాను? ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. తల్లి బాధ చూడలేక, అని మొదట్లో చెప్పుకునేదాన్ని. వినడానికి బాగుండేది. సరే, మేఘన బాధ చూడగలిగావా మరి? అసలు సంగతి ఇది: కాదంటే ఆ ఆదివారం భోజనం పోతుందేమోనని భయపడ్డాను. మంచు మీద పులిలా తిరిగే నేను, ఒక కంచం కోసం, ఇరవై రెండేళ్ల పిల్లకు దక్కాల్సిన ఒకే ఒక్క అవకాశాన్ని ఇచ్చేశాను. వదిన అలాంటి మనిషి కూడా కాదు. కాదన్నా నాకు అన్నం పెట్టేవారు. ఆ మాత్రం నమ్మలేకపోయాను.

ఒప్పుకున్నాక అసలు చిక్కు మొదలైంది. కారణం చెప్పాలి కదా. ఆ పిల్ల ఆటలో తప్పు వెతకడానికి అరగంట పట్టింది. వీడియోలు వెనక్కీ ముందుకీ తిప్పాను. ఏమీ దొరకలేదు. చివరికి నోటికి వచ్చింది ఖాయం చేసుకున్నాను. ప్రాక్టీసు అయ్యాక బెంచీ మీద స్కేట్ల లేసులు విప్పుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"మేఘనా, ఈసారి లిస్టులో నీ పేరు లేదు."

నవ్వింది. నేను నవ్వలేదు.

"వై, కోచ్?"

"ఎడమవైపు తిరిగేటప్పుడు నీ స్పీడు పడిపోతోంది. అడిలైడ్‌లో పెద్ద టీములు అది పట్టేస్తాయి."

"మై లెఫ్ట్? యూ నెవర్ సెడ్ ఎనీథింగ్."

"ఇప్పుడు చెప్తున్నా కదా."

లేసు పూర్తిగా లాగేసి చేతికి చుట్టుకుంది. రింకులో నేనెప్పుడూ కోచ్‌నే, ఇంట్లోనే ఆంటీని. తెలుగు దానికి బాగా అర్థమవుతుంది గానీ జవాబెప్పుడూ ఇంగ్లీషులోనే. అలాంటిది తలెత్తి నా మొహంలోకి చూసి అడిగింది.

"నిజంగానా ఆంటీ?"

"నిజం."

"ఓకే. థాంక్స్ ఫర్ బీయింగ్ ఆనెస్ట్."

అంతే. బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. నేను బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నానో, మంచు చదును చేసే బండి అతను వచ్చి బాగున్నావా అని అడిగాడు.

అడిలైడ్‌లో సెమీఫైనల్ ఒక్క గోలుతో ఓడిపోయాం. మిగతా పద్నాలుగుమందికీ నేను చేసింది ద్రోహమే, అది వేరే చెప్పాలా? బస్సులో తిరిగి వస్తుంటే వదిన ఫొటోలు పంపారు. పట్టుచీరలో మేఘన, పొయ్యి మీద పొంగుతున్న పాలు. కళ్లు వాచి ఉన్నాయి, పొగవల్ల అని కింద రాశారు. కరెంటు పొయ్యికి పొగేమిటి?

తరువాత జరిగింది మాత్రం నవ్వొచ్చే సంగతి. నవ్వండి, నేనూ నవ్వుతూనే ఉంటాను, ఆ తరువాత నాకే ఎలాగో ఉంటుంది. ఆ పిల్ల లేని లోపాన్ని సరిదిద్దుకోవడానికి నడుం బిగించింది. ఒక ఏడాదిపాటు రింకు చుట్టూ ఎడమవైపే తిరిగింది. ఎంత తిరిగిందంటే, చక్కగా ఉన్న కుడివైపు కాస్తా పాడైంది. చదువైపోయి నగరంలోని ఆడవాళ్ల లీగులో చేరాక, దాని కుడివైపు బాగుచెయ్యడానికి నాకు మరో ఏడాది పట్టింది. "నువ్వు లేకపోతే నా గతేంటి" అని ఇంగ్లీషులో అంటుంటే పక్ కోసం వెతుకుతున్నట్టు వంగేదాన్ని. ఎడమ మలుపులో ఇప్పుడు లీగులో దాన్ని అందుకునేవాళ్లు లేరు. కొత్తవాళ్లు ఎలా నేర్చుకున్నావని అడిగితే వేలితో నన్ను చూపిస్తుంది.

చెప్పాలని ప్రయత్నించలేదా? ప్రయత్నించాను. ఓసారి ఫ్రీవేలో దాని కారులో వస్తూ, "నీకొక విషయం చెప్పాలి, చాలా ఏళ్లుగా బాధపడుతున్నాను" అన్నాను. "ఈజ్ ఇట్ యువర్ బ్యాక్?" అంది. అవునన్నాను. మర్నాడే ఫిజియో దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఏ నొప్పీ లేని నడుముకు ఆరువారాలు వ్యాయామాలు చేశాను. నడుం చాలా బాగుంది ఇప్పుడు.

మేఘన నాకు అసిస్టెంట్ అయింది. ఈ సంవత్సరం నేను తప్పుకుంటే జట్టు దాని చేతికి వచ్చింది. నాకు ఇంతకంటే సంతోషం లేదు, ఆ మాట నిజం. కానీ ప్రతి ఏడూ కొత్త పిల్లలను వరసగా నిలబెట్టి ఆ కథ చెబుతుంది. మా కోచ్ నాకు మొహం మీదే నిజం చెప్పింది, అప్పుడు ఏడ్చాను, ఆ నిజమే నన్ను నిలబెట్టింది, నేనూ మీకు నిజమే చెబుతాను. పిల్లలు తలలూపుతారు. చెప్పినట్టే చేస్తుంది కూడా. పోయిన నెల ఒక మొదటి ఏడాది అమ్మాయిని జట్టులోంచి తీసేసి, ఎందుకో దాపరికం లేకుండా చెప్పి, రెండురోజులు తిండి సరిగ్గా తినలేదట. "హార్డ్, బట్ నువ్వు నాకు చెప్పావు కదా, అది గుర్తు తెచ్చుకున్నా" అంది నాతో. ఒక మనిషి తన నిజాయితీ అంతా నా అబద్ధం మీద కట్టుకుందంటే, ఆ నిజాయితీ దానిది, అబద్ధమే నాది. అది తెలుసుకునే హక్కు దానికి లేదా?

వచ్చే శుక్రవారం నాకు వీడ్కోలు విందు. మేఘన ఉపన్యాసం రాసుకుంటోంది. ఎడమ మలుపు కథ తప్పకుండా ఉంటుంది. అది తలచుకునే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నిన్న వదినకు ఫోన్ చేశాను. మీ అమ్మాయికి అడిలైడ్ సంగతి చెప్పేస్తున్నానన్నాను. "ఏ అడిలైడ్?" అన్నారు. గుర్తుచేశాను, పచ్చడి సీసాతో సహా. చాలాసేపు ఆలోచించి, "నేనడిగానా? ఏమోనమ్మా, ఆ గృహప్రవేశం హడావిడిలో నా పేరే నాకు గుర్తులేదు" అన్నారు. నటన కాదు, ఆవిడకు నటన రాదు. నేను తొమ్మిదేళ్లు మోసినదాన్ని ఆవిడ పాలు పొంగిన రోజే మరచిపోయారు. కోపం రావాల్సింది, పొట్టచెక్కలయ్యేలా నవ్వు వచ్చింది. కాసేపటికి ఆవిడ గొంతు మారింది. "దానికి నామీద కోపం వస్తుందా?" అన్నారు. వస్తుందేమో వదినా, అన్నాను. "రానీ. చెప్పు" అన్నారు.

పైదంతా నిన్న రాశాను. రాసి పడుకుంటే చల్లగా అనిపించింది. పొద్దున లేచాక ఆ చల్లదనం మీద అనుమానం వచ్చింది. మేఘనకు తెలుగు చదవడం రాదు. అది తెలిసే కదా తెలుగులో రాశావు, అని నన్ను నేనే అడిగాను. మీతో చెప్పుకుని, దానికి చెప్పినంత తృప్తిపడి, శుక్రవారం వెళ్లి దండ వేయించుకుందామనే కదా?

ప్రాక్టీసుకు గంట ముందే రింకుకు వెళ్లి కార్ల దగ్గర నిలబడ్డాను. మేఘన రాగానే దాని కారులో ఎక్కి కూర్చున్నాను. ఇంజను ఆపనివ్వలేదు, ఆపితే నా ధైర్యమూ ఆగిపోతుందనిపించింది.

"నీ ఎడమవైపు ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు. నేను కల్పించాను. నువ్వు గృహప్రవేశానికి ఉండాలని మీ అమ్మ అడిగింది, కానీ నీతో అబద్ధమాడింది నేను. నిజంగానా అని అడిగావు. అప్పుడైనా చెప్పలేదు."

ఈసారి నడుము గురించి అడగలేదు. అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే స్టిక్‌లు పట్టుకుని లోపలికి పోతున్నారు. చివరికి ఒక్కటే అడిగింది.

"సో, ఐ వాజ్ ఇన్?"

"ఉన్నావు. మొదటి పేరు నీదే."

స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆ మాట తనలో తనే మళ్లీ అనుకుంది. ఏడ్చిందా అంటే ఏడవలేదు. ఇంజను ఆపి, బ్యాగు తీసుకుని, తలుపు మెల్లగానే వేసి లోపలికి వెళ్లిపోయింది. నేను బస్సులో ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం దాటింది, ఫోన్ రాలేదు. క్షమించమని అడగలేదు, అడగను కూడా. ఆ భారం మళ్లీ దాని నెత్తిన ఎందుకు పెట్టడం? ఆకలి మాత్రం బాగా వేసింది. నాలుగు దోసెలు తిన్నాను.

శుక్రవారం విందుకు వెళ్తాను. అది వస్తుందో రాదో తెలియదు. వస్తే మైకు ముందు నా గురించి ఏం చెబుతుందో తెలియదు. ఏం చెప్పినా, ఎవరి గురించి చెబుతోందో దానికి తెలిసే చెబుతుంది.