గోడ లేని వంటగది

టాంపినీస్‌లో ఆ ఫ్లాటు చూడగానే మా ఆయనకంటే ముందు నేనే సరేనన్నాను. వంటగదికీ హాలుకూ మధ్య గోడ లేదు. పొయ్యి దగ్గర నిలబడితే సోఫాలో కూర్చుని బొమ్మలు వేసుకునే పాప కనబడుతుంది. అమ్ముతున్నది ఒక చైనీస్ ముసలాయన కూతురు. మతిమరుపు ముదిరి ఆయన వృద్ధాశ్రమంలో ఉన్నాడు. "నేను స్కూల్లో ఉన్నప్పుడే ఆ గోడ తీసేశారు, నో ప్రాబ్లమ్ లా" అంది ఆమె ఇక్కడి యాసలో. ఏజెంటు కూడా తలూపాడు. మేం నమ్మాం.

చేరిన కొన్ని నెలలకు పై అంతస్తు ఆంటీ తలుపు కొట్టింది. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఈ దేశం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. ఆమె ఒక్కతే ఉంటుంది.

"మా వంటింట్లో టైల్సు లేచిపోతన్నాయి అమ్మాయ్. నడిస్తే నేల కదిలినట్టుంది. హౌసింగ్ ఆఫీసుకి చెప్పేను. మీ ఇంట్లో ఏమైనా పని సేయిస్తన్నారా?"

"లేదాంటీ, మేము వచ్చాక మేకు కూడా కొట్టలేదు."

మర్నాడు హౌసింగ్ ఆఫీసు ఇంజనీరు వచ్చి, ముందు ఆమె ఇల్లు చూసి, తర్వాత మా ఇంటికొచ్చాడు. గోడ ఉండాల్సిన చోట తలెత్తి చూసి పైకప్పు వైపు వేలు చూపించాడు. అక్కడొక సన్నటి గీత ఉంది. రంగు పగిలిందనుకున్నాను ఇన్నాళ్లూ.

"ఈ గోడ ఎవరు కొట్టించారు?"

"మేం కొనేటప్పటికే లేదు" అన్నాడు మా ఆయన.

"ఇది ఉత్త అడ్డుగోడ కాదు. పై బరువు మోసే గోడ. అది లేకనే పై నేల మెల్లగా కుంగుతోంది. దీనికి అనుమతి ఎవరూ ఇవ్వరు. ఇప్పుడు ఓనర్లు మీరు కాబట్టి మళ్లీ కట్టించే బాధ్యత మీదే."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

సాయంత్రానికి మా హాలు మధ్య ఇనుప స్తంభాలు నిలబెట్టారు. పాప వాటి మధ్య దూరబోతే జబ్బ పట్టుకుని లాగాను. పైన ఆంటీని వంటగదిలో అడుగుపెట్టొద్దన్నారు. లాయరు కేసు వేయొచ్చు గానీ ఏళ్లు పడుతుందన్నాడు. ముసలాయన కూతురికి ఫోన్ చేస్తే, "నేనేం దాచాను? కళ్లతో చూసే కొన్నారు కదా" అంది. అదీ నిజమే.

ఎవరో ఒకరి మీద కోపం తీర్చుకోవాలనిపించింది. ఆ ముసలాయన్ని చూడ్డానికి ఆశ్రమానికి వెళ్లాను. ఆయన ఇంట్లో ఇప్పుడు ఉంటున్నది నేనేనని నర్సు చెప్పగానే ఆయన ముఖం వెలిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"నా భార్యకి జబ్బు. మంచం హాల్లో వేశాను. నేను వండుతుంటే ఆమెకి కనబడాలి. లేకపోతే భయపడుతుంది." నా చెయ్యి పట్టుకున్నాడు. "లేచిందా? ఏమైనా తిన్నదా?"

"తిన్నది అంకుల్" అన్నాను. తిరుగు రైల్లో మా ఆయనకు ఫోన్ చేసి, ఏడుపు వస్తుంటే పాప తిన్నదా అని మాత్రం అడిగి పెట్టేశాను.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ మా బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో ఆంటీని చూశాను. ఎప్పుడూ తన వంట తనే చేసుకునే మనిషి, ప్లాస్టిక్ ప్లేటులో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"మకాన్ అయిందా అమ్మాయ్, తిన్నావా? రా, కూచో."

"మా వల్లే కదాంటీ మీకిదంతా..."

"నువ్వేటి సేస్తావు, నేనేటి సేస్తాను. ముందు తిను."

గోడ పని మొదలైన రోజు ఆంటీ కూతురు వచ్చి ఆమెను తమ ఇంటికి తీసుకెళ్లింది.

గోడ కట్టారు. ఇనుప స్తంభాలు తీసేశారు. పైన నేల కూడా బాగుచేశారు. మా వంటగదిలో ఇప్పుడు పగలే లైటు వేసుకోవాలి. పాప అవతల నుంచి "అమ్మా, వేర్ ఆర్ యు?" అని అరుస్తుంది.

ఆంటీ ఇల్లు చూసుకోవడానికి కూతురితో వచ్చిన రోజు నేనూ పైకి వెళ్లాను. ఆమె వంటగది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నేనే లోపలికెళ్లి నేల మీద అటూ ఇటూ నడిచాను. ఆమె ఇంకా కదలకపోతే చిన్నపిల్లలా రెండు గెంతులు వేశాను.

"చూడండాంటీ, ఎంత గట్టిగా ఉందో!"

ఆమె నవ్వింది, కానీ గుమ్మం పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"గట్టిగానే ఉంది అమ్మాయ్. నా కాళ్లే ఒప్పుకోట్లేదు."

ఆమె కూతురు నావైపు చూసి తల దించుకుంది. ఆ ఏడాదే పై ఫ్లాటు అమ్మేశారు.