తాతే మళ్ళీ పుట్టాడన్నారు

“ఆ రోగం మీ మామయ్య వైపుది. మన రక్తంలో అలాంటివేం లేవు. పరీక్షలూ వద్దు, గిరీక్షలూ వద్దు.”

“మామయ్య నీ సొంత తమ్ముడి కొడుకే కదా నానమ్మా! ఇంక వాళ్ళ వైపేంటి, మన వైపేంటి? బావకీ నాకూ పరీక్ష చేసేదాకా తాంబూలాల మాటెత్తొద్దు.”

మొన్న సాయంత్రం నా కొడుకు కూతురు ఇలా ఎదురుతిరిగింది. దాన్ని నా కూతురి కొడుక్కే చేయాలని నా పట్టుదల. ఆ అబ్బాయి చెల్లెలికి పదేళ్ళు. ఒళ్ళంతా ముడతలు, చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతాయి. గోరాబ్ అనే జన్యువు చెడిందనీ, తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే రోగం బయటపడుతుందనీ డాక్టరుగారు తేల్చారు. ఒంట్లో ప్రతి కణంలోనూ గాల్జీ అని మన వన్ టౌన్ గోదాములాంటిది ఉంటుందట, తయారైన సరుకు సర్ది, మూట కట్టి, చేరాల్సిన చోటికి పంపుతుందట. ఆ జన్యువు చెడితే అక్కడ పని తప్పి, ఎముకకీ చర్మానికీ సరైన సరుకు అందదని మనవరాలే విడమరిచి చెప్పింది. ఐదో తరగతితో బడి మానినా గోదాము గుమాస్తా పెళ్ళాన్ని, నాకు అర్థం కాకేం? ఆ ముడతలు నేను అంతకుముందే చూసినదాన్ని.

నన్ను మా మేనమామకే ఇచ్చారు. అమ్మమ్మే అత్తగారు, పొలం బయటివాళ్ళ పాలు కాదు. మా కాలంలో అది వింత కాదు, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. తొలి కాన్పులో పుట్టిన మగపిల్లాడికి వదులు చర్మం, జారిన బుగ్గలు, అచ్చు ముసలి మొహం. ఆ ముందేడే తాత పోయారేమో, ఆయనే మళ్ళీ పుట్టాడని అమ్మమ్మ ఆ పేరే పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ వాడి చేతుల ముడతలు చూపించి మురిసిపోయేది. డాక్టరుకి చూపించాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

ఆరేళ్ళప్పుడు ఒకనాడు నడుం నొప్పి, బడికి పోనని మొండికేశాడు. బద్ధకమనుకుని అట్లకాడతో రెండు వేసి, రెక్క పట్టుకుని బడిదాకా ఈడ్చుకెళ్ళాను. వెన్నుపూస ఎప్పుడో విరిగి ఉందని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. మంచం పట్టినవాడు మళ్ళీ లేవలేదు. ఆ వానాకాలం జ్వరం ఊపిరితిత్తులకెక్కి పోయాడు. జ్వరంతో పోయాడని మాత్రమే అందరికీ చెప్పాను. ఆ నోరు మూసుకునే కూతుర్ని తమ్ముడి కొడుక్కిచ్చాను. దానికి ముడతల పిల్ల పుట్టిన రోజున కూడా తెరవలేదు.

మేం జాతకాలు చూపించుకుని పెళ్ళిళ్ళు చేసుకున్నాం. వీళ్ళు రక్తం చూపించుకుంటామంటున్నారు. మాకా మాట చెప్పేవాళ్ళు లేరు. వీళ్ళకి చెప్పాల్సినదాన్ని నేనున్నాను.

మర్నాడు పొద్దున్నే ట్రంకుపెట్టె అడుగునుంచి వాడి ఫొటో తీసి మనవరాలి చేతిలో పెట్టాను.

“నిక్కరేసుకున్న ఈ తాతెవరు నానమ్మా?” అని నవ్వింది.

మీ పెదనాన్న, అప్పటికి ఆరేళ్ళు అన్నాను. అట్లకాడ సంగతీ చెప్పాను. తర్వాత ఇద్దరం ఆటోలో ల్యాబుకి వెళ్ళాం. ముందు నా చెయ్యే చాపాను.