రిఫ్లక్స్ వాల్వు, మా వంశమర్యాద

ఆ రోజుల్లో మాకు ఎకరాలు లేవు గానీ, నా నడక మాత్రం ఎకరాలున్న నాటిదే. రొంపిచెర్లలో మా తాత పొలం చుట్టి రావడానికి ఒక పూట పట్టేదట. నా కాలానికి ఆయన ఖద్దరు చొక్కాలు మిగిలాయి. బి.ఏ. చరిత్ర చదివిన నన్ను పిడుగురాళ్ల రోడ్డులో ఒక చిన్న కెమికల్ ఫ్యాక్టరీవాళ్లు మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు. నిలబడితే పర్మినెంటు, లేకపోతే ఇంటికి. ఇంట్లో జీతం తెచ్చే మనిషి మరొకరు లేరు. (ఈ సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఏదో కాలక్షేపానికి వస్తున్నట్టు వచ్చేవాణ్ణి.)

అక్కడ తయారయ్యేది ఇథైల్ అసిటేట్ అనే ద్రావకం. రంగుల్లో, గోళ్ల పాలిష్‌లో, మందుల తయారీలో వాడతారు. ఆల్కహాలూ అసిటిక్ యాసిడూ రియాక్టర్‌లో పోసి, కాస్త సల్ఫ్యూరిక్ యాసిడ్ తగిలించి వేడిచేస్తే, సరుకుతోపాటు నీళ్లూ పుట్టి, మాగిన పండు వాసనతో ఆవిరి లేచి, కాలమ్ అనే పొడుగాటి గొట్టం ఎక్కి, పైన చల్లబడి ద్రవంగా దిగుతుంది. దిగినదాంట్లో కొంత ట్యాంకుకు, కొంత మళ్లీ కాలమ్‌లోకి. ఆ వెనక్కి పోయేదే రిఫ్లక్స్, అది పోయే గాజు గొట్టానికి ఒక వాల్వు. ఇదంతా చూపించింది ఆపరేటరు బాబాయ్. (బంధువు కాదు, ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే.) "ఈ వాల్వు జోలికి మాత్రం పోమాక అబ్బాయ్" అని చెప్పి ఒక మధ్యాహ్నం అన్నానికి వెళ్లాడు.

నేను నిటారుగా కూర్చుని గాజు గొట్టంలోకి చూశాను. శుభ్రంగా తయారై బయటికొచ్చిన సరుకు, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ లోపలికి పోతోంది. మా ఇంట ఒకసారి గడప దాటించినదాన్ని వెనక్కి తీసుకున్నవాడు లేడు. (మా ఎకరాలు ఎలా పోయాయో వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.) లేచి వాల్వు కట్టేశాను. ట్యాంకు గబగబా నిండింది. నాకు చాలా తృప్తిగా ఉంది.

బాబాయ్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ముందు థర్మామీటరును, తర్వాత నన్ను చూశాడు.

"ఏంది అబ్బాయ్ ఇది? వాల్వు ఎవురు కట్టింది?"

"నేనే బాబాయ్. ఊరికే వెనక్కి పోతోంది."

"వెనక్కి పోతేనే గదయ్యా నీళ్లు కింద ఆగిపొయ్యేది! ఇప్పుడు నీళ్లు, ఆల్కహాలు, సరుకు మూడూ కలిసి దిగినయ్యి. ట్యాంకు మాత్రం చానా బాగా నింపావులే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇది తెలిస్తే నిన్ను ఉంచరు. వాల్వు పట్టేసిందని చెబుదాం, ఊరుకో."

అబద్ధంతో ఉద్యోగం నిలుపుకోవడం మా వంశంలో లేదు. (అసలు ఉద్యోగమే లేదు.) నేరుగా మేనేజర్ గారి గదికి వెళ్లి, వాల్వు కట్టింది నేనేనని చెప్పి, కారణంగా మా ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టాను. తాత దాకా వచ్చేసరికి ఆయన చెయ్యెత్తాడు.

"అయిందా? చెప్పావు గనక సరిపోయింది. లేకపోతే రేపంతా వాల్వు విప్పి చూసేవాళ్లం. పో, ట్యాంకులోదంతా మళ్లీ రియాక్టర్‌కి ఎక్కించు."

"మరి నా ఉద్యోగం?"

"ముందు సరుకు దించవయ్యా!"

సాయంత్రం దాకా పంపు దగ్గరే నిలబడ్డాను. ల్యాబులో సరుకు పాసైంది. మూడు నెలలు నిండేసరికి నేనూ పాసయ్యాను.

ఇప్పుడు కొత్తవాళ్లకు ఆ వాల్వు చూపించేది నేనే. చూపించి, ఎందుకని అడుగుతారేమోనని కాసేపు ఆగుతాను. అందరూ అంతా తెలిసినట్టు తలూపుతారు. ఆనాడు ఆ ఖద్దరు చొక్కా కుర్రవాడూ అలాగే ఊపాడు. అడిగితే చిన్నవాణ్ణైపోతాననుకున్నాడు, పాపం.