పది అడుగుల వెనక

మొన్న మంగళవారం పెద్దవంగర నుంచి ఫోన్ వచ్చింది. యూనివర్సిటీలో మా హాస్టల్‌కు కాపలా ఉండిన కాక చనిపోయాడని ఆయన కోడలు చెప్పింది. పది రోజులుగా జ్వరమట, ఎవరికీ కబురు పెట్టనివ్వలేదట. ఆ మనిషి అంతే, చెప్పాల్సినవేవీ చెప్పడు.

మా ఊరు మొగుళ్లపల్లి నుంచి ట్రంకు పెట్టె మోసుకుని హాస్టల్‌కు వెళ్లిన రోజు కాక నాకు గది తాళం ఇవ్వలేదు. "పెట్టె గీడ పెట్టి ముందుగాల నడువు," అన్నాడు. కొత్తగా ఎవరొచ్చినా అదే ఆయన పద్ధతి. ముందు మోతి అనే గోధుమరంగు కుక్క, దాని వెనక వెదురు కర్రతో కాక, ఆయన వెనక నేను. లైబ్రరీ, దవాఖాన, గోడ కూలిన చోటు, తుమ్మచెట్ల వెనక పాత పంపు గది, అన్నీ తిప్పి చూపించాడు. "గిప్పుడు ఇది నీ జాగ," అని అప్పుడు తాళం చేతిలో పెట్టాడు.

ఆ పంపు గదిలో కూర్చుని చదువుకునేవాణ్ని. మోతి వస్తే తలుపు దగ్గర రొట్టె ముక్క వేసేవాణ్ని. కాక చూసి కోప్పడ్డాడు. "దానికి గా తలుపు అలవాటు చెయ్యకు బిడ్డా. నువ్వు లోపలుంటే కదలదిగ." నేను వింటేగా!

తెలంగాణ కోసం క్యాంపస్ అంతా రోడ్డెక్కిన రోజులవి. ఒక మధ్యాహ్నం మా ఊరేగింపు గేటు దాటకముందే పోలీసులు లోపలికి వచ్చారు. బాష్పవాయువు గుండ్లు పగిలాయి. రాళ్లు మేమూ విసిరాం, అబద్ధమెందుకు. జనగామ నుంచి వచ్చిన నా గది మిత్రుడికి లాఠీ తగిలి నుదురు చీలింది. రక్తం కళ్లలోకి కారి వాడికి ఏమీ కనబడటం లేదు. వాణ్ని ఈడ్చుకుంటూ కాక చూపించిన దారినే పరిగెత్తి పంపు గదిలో దూరాను. తలుపుకు గడియ లేదు.

సందులోంచి చూద్దును కదా, మోతి! తలుపు ముందు కూర్చుని తోక ఊపుతోంది. నలుగురు పోలీసులు అటే వస్తున్నారు. దాన్ని అదిలిద్దామంటే నోరు తెరవలేను. రొట్టె వేసిన నా చేతిని నరుక్కోవాలనిపించింది.

కాక ఎక్కడి నుంచి వచ్చాడో, కర్ర ఎత్తి మోతిని కొట్టాడు. నడుం మీద, కాలి మీద. ఎముక విరిగిన చప్పుడు లోపలికి వినిపించింది. అది పారిపోకుండా ఆయన కాళ్ల దగ్గరికే పాకింది. "పో! పోవే!" అని అరుస్తూ మళ్లీ కొట్టాడు. అప్పుడు ఏడుస్తూ, కుంటుతూ పోయింది.

"పోరగాళ్లు ఎటు పోయిన్రు?" అని అడిగాడు ఒక పోలీసు.

"గోడ కూలిన కాడికి ఉరికిన్రు సారూ."

ఎందుకు ఆపలేదంటూ ఆయన్ని కింద పడేసి బాదారు. చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆయన ఒక్కసారి కూడా మా తలుపు వైపు చూడలేదు. తర్వాత వాళ్లు గోడ వైపు పరిగెత్తారు.

మోతి బతికింది. మళ్లీ కాకతో తిరిగింది కూడా, కానీ ముందు కాదు, పది అడుగుల వెనక. ఆయన ఆగితే ఆగేది. పిలిస్తే వచ్చేది కాదు. ఆయన కర్రను పొయ్యిలో పెట్టాడు. అయినా రాలేదు.

రాష్ట్రం వచ్చింది. నాకు ఉద్యోగమూ వచ్చింది. ఇన్నేళ్లూ నోరు రాక, పోయిన ఏడాది పెద్దవంగర వెళ్లి చెప్పేశాను. "కాకా, మోతికి ఆ తలుపు అలవాటు చేసింది నేనే. నువ్వు వద్దన్నా వినలేదు."

"నాకెర్కనే బిడ్డా," అన్నాడు. "నువ్వెందుకు చేసినవో నాకెర్క. నేనెందుకు కొట్టిననో దానికే ఎర్కలేదు."

నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. వంకర చెయ్యి కడుపుకు ఆనించుకుని ఇంటి వైపు నడుస్తున్నాడు. మోతి చనిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది. కాక కొంచెం దూరం నడిచి ఆగాడు. వెనక్కి తిరిగి, ఖాళీ రోడ్డు మీద పది అడుగుల దూరంలో, కుక్క నిలబడేంత ఎత్తున చూశాడు. కాసేపు నిలబడి మళ్లీ నడిచాడు.